అక్క తాగిన గ్రీన్ టీ

దర్శి దగ్గర మా ఊళ్లో అక్కకి వేళ్ల మీద తెల్లమచ్చలు మొదలైనప్పుడు నేను ఒంగోల్లో స్కూలు పిల్లలకి సైన్సు చెబుతున్నాను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్న రోజులు. ఏడాది తిరిగేసరికి మచ్చలు మణికట్ల దాకా పాకాయి. కంటి పక్కన ఇంకొకటి వచ్చింది. మిరప కల్లంలో రంగు పోయిన తాలు కాయలు ఏరేటప్పుడు పక్కనున్న ఆడవాళ్లు కాస్త ఎడంగా జరిగేవారు. బొల్లి అంటుకునేది కాదని నేను వెళ్లి చెప్పాను. బుద్ధిగా విన్నారు గానీ, జరగడం మానలేదు.

చర్మం డాక్టరు పూత మందు రాసిచ్చి, పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోమన్నారు. ఆ రోజుల్లోనే పేపర్లో ఒక చిన్న వార్త చదివాను. గ్రీన్ టీలోని పదార్థాలు చర్మానికి రంగునిచ్చే కణాలని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడుతున్నాయని ప్రయోగశాలలో తేలిందట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆదివారం ఒక డబ్బా కొని ఊరెళ్లాను.

అక్క ఆకు వాసన చూసి, "ఇది తాగాలా, మచ్చల మీద పూయాలా?" అంది.

వార్తలో ఆ సంగతి లేదు.

"తాగు. రోజుకి రెండుసార్లు."

ఆ రెండు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు.

చేదుగా ఉందని బెల్లం వేసుకుని తాగేది. కొన్ని నెలలకి కంటి పక్కన మచ్చలో ఆవగింజలంత నల్లచుక్కలు లేచాయి. చేతులు మాత్రం తెల్లగానే ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే టీ. నాకేమీ అర్థం కాలేదు. డాక్టర్ని అడిగాను.

"మొహం మీద రంగు త్వరగా వస్తుందమ్మా, వేళ్ల మీద కష్టం. గాజు పళ్లెంలో కణాలకి జరిగింది మనిషికీ జరుగుతుందనలేం. మందు పనిచేసిందో, ఎండో, టీ కూడా సాయపడిందో, నాకు తెలియదు" అన్నారు.

మూడు నెలలు టీ ఆపి చూద్దామని అక్కని అడిగాను.

"తెలుసుకోవాలని నీకుంది. మొహం నాది గదా" అంది.

సిగ్గేసి ఊరుకున్నాను. కంటి పక్కన మచ్చ పూర్తిగా రంగుతో నిండింది. రెండేళ్ల తర్వాత, విసుగొచ్చిందని టీ తనే మానేసింది. వచ్చిన రంగు పోలేదు. అంటే టీతో పని లేదనా, చేయాల్సింది అప్పటికే చేసేసిందనా? డాక్టర్ని మళ్లీ అడగాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్లలేదు.