చెవి మిషన్ల విచారణలో మా పిన్ని

మా పిన్ని మితభాషి. చెవులు వినపడనివాళ్ళతో పని చేసీ చేసీ, అక్కర్లేని మాట నోట్లోంచి రాకుండా పోయిందని మా అమ్మ అనేది. బాబాయి ఆమెకి పూర్తిగా విరుద్ధం. ఏది అమ్మినా, ఏది బాగు చేసినా గుండె మీద చెయ్యి వేసుకుని "నాదీ గ్యారంటీ" అనేవాడు. దాంతో వీధి మొత్తానికి ఆయన పేరే గ్యారంటీ అయిపోయింది. షాపు బోర్డు మీదున్న అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు.

వాళ్ళిద్దరిదీ చెవి మిషన్ల షాపు. అటు మందుల షాపు, ఇటు కళ్ళజోళ్ళ షాపు, మధ్యలో ఇరుక్కుని ఉండేది. ముందు గదిలో అద్దాల బీరువా, నాలుగు కుర్చీలు. వెనక గది గోడలకి మందపాటి మెత్తటి గుడ్డ కొట్టించారు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని. ఆ గదిలో పిన్ని వినికిడి పరీక్ష చేసేది. ఆ పని చదువుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంది. బాబాయి కంటికి భూతద్దం తగిలించుకుని ముందు గదిలో మిషన్లు విప్పుతూ కూర్చునేవాడు. చెమటకి తుప్పు పట్టిన తీగలు, గుబిలి పట్టి మూసుకుపోయిన గొట్టాలు, తడికి పాడైన మైకులు. "ఇంకో రెండేళ్ళు లాగిస్తుందండీ పెద్దాయనా, నాదీ గ్యారంటీ" అని చెప్పి పంపించేవాడు. పెద్దాయనకి వినపడేది కాదు కాబట్టి అదే మాట గట్టిగా మళ్ళీ చెప్పేవాడు. పక్క షాపులవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

అప్పుడు కొత్త మిషన్ వచ్చింది. చిక్కుడు గింజంత ఉంటుంది. ఫోన్లో యాప్ పెట్టుకుంటే అదే వినికిడి పరీక్ష చేసేసి, చెవికి తగ్గట్టు అదే సర్దుకుంటుంది. ధర చూస్తే, బాబాయి షాపులో అన్నిటికంటే చౌక మిషన్‌లో సగం కూడా లేదు. బాబాయి ఒకటి కొని తెచ్చి విప్పడానికి నానా తంటాలు పడ్డాడు. జిగురు పెట్టి అతికించేశారు. ఎలాగో విప్పి, మైకు మార్చి మూశాడు. లోపల వేసింది కంపెనీ మైకు కాదని మిషన్ కనిపెట్టేసింది. ఇక పలకలేదు.

"తాళం వేసి అమ్ముతున్నారోయ్," అన్నాడు పిన్నితో. "తాళంచెవి మాత్రం వాళ్ళ దగ్గరే."

ఏడాది తిరక్కుండానే బాబాయి ఈగలు తోలుకునే పరిస్థితి వచ్చింది. బ్యాటరీలు కొనేవాళ్ళు తప్ప ఎవరూ రావట్లేదు. అదే సమయంలో మెయిన్ రోడ్డు మీద ఆ కంపెనీ పెద్ద షోరూమ్ తెరిచింది. వినికిడి పరీక్ష తెలిసిన మనిషి కావాలని బయట కాగితం అంటించారు. పిన్ని వెళ్ళి అడిగింది. ఉద్యోగం ఇచ్చారు.

ఆ సాయంత్రం బాబాయితో చెప్పింది. "ఇంట్లో ఒక జీతం ఉండాలి కదండీ."

బాబాయి భూతద్దం తియ్యకుండానే "వెళ్ళు" అన్నాడు.

గొడవవుతుందని నేను అనుకున్నాను. ఇద్దరూ మామూలుగానే ఉన్నారు. పొద్దున్నే ఒకే స్కూటర్ మీద బయల్దేరేవాళ్ళు. ఆయన ఆమెని షోరూమ్ దగ్గర దింపి తన షాపు తెరవడానికి వెళ్ళేవాడు.

తర్వాత చిన్న షాపులవాళ్ళ సంఘం, వ్యాపారాల్లో తగువులు విచారించే ప్రభుత్వ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. కొత్త మిషన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మొచ్చా? చిన్న షాపులు మూతపడేదాకా కావాలని నష్టానికి అమ్ముతున్నారా? విడిభాగాలూ, ఆ తాళం తెరిచే సాఫ్ట్‌వేరూ బయటి మెకానిక్కులకి ఇవ్వాలా, వద్దా? ఈ మూడింటి మీదా బహిరంగ విచారణ పెట్టారు. సంఘం తరఫున మాట్లాడటానికి బాబాయిని ఎన్నుకున్నారు. గొంతు పెద్దది కాబట్టి. కమిషన్ సభ్యులకి మిషన్ ఎలా పనిచేస్తుందో చూపించడానికి కంపెనీ పిన్నిని రమ్మంది. చెయ్యి నిదానమైంది కాబట్టి.

షోరూమ్ మేనేజర్‌కి సంగతి తెలుసు. "మీ ఇంట్లో ఇబ్బందేం లేదు కదమ్మా?" అని అడిగాడట.

"లేదండీ," అందట పిన్ని.

విచారణ ముందు రోజు నేను వాళ్ళింట్లోనే భోజనం చేశాను.

"నువ్వూ వస్తున్నావటగా," అన్నాడు బాబాయి.

"వస్తున్నానండీ."

"ఎటు కూర్చుంటావు?"

"కంపెనీ వైపు కుర్చీ వేస్తారట."

బాబాయి నా వైపు తిరిగి, కానీ ఆమెకి వినపడాలని, అన్నాడు. "వాళ్ళిప్పుడు చేతి డబ్బు వేసుకుని అమ్ముతున్నారమ్మా. మేమందరం దుకాణాలు కట్టేసేదాకా అంతే. ఆ తర్వాత చూడు, ఆ ధర ఎక్కడికి ఎక్కి కూర్చుంటుందో."

"కావచ్చు," అంది పిన్ని. "కానీ మన షాపుకి వచ్చి, ధర విని, ఊరికే లేచి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? వాళ్ళు తర్వాత ఏమయ్యారో మనం ఎప్పుడైనా అడిగామా?"

"అంటే నేను జనాన్ని దోచుకున్నానా?"

"నేనలా అనలేదండీ."

"మరేమన్నావు?"

పిన్ని ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది. అది పోట్లాటలాగా లేదు. రేపు కరెంటు పోతుందట అని చెప్పుకుంటున్నట్టు ఉంది. కోపం వచ్చేంత ఓపిక కూడా ఇద్దరిలో మిగల్లేదేమో అనిపించింది.

మర్నాడు ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్ళి గేటు దగ్గర విడిపోయారు. చప్పట్లు కొట్టడానికి ఒక్క మనిషైనా ఉండాలని బాబాయి నన్ను రమ్మన్నాడు. తీరా వెళ్తే, చప్పట్లు కొట్టకూడదని తలుపు మీదే రాసి ఉంది. లోపల ఏసీ చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. గుర్రపు నాడా ఆకారంలో బల్ల, ప్రతి కుర్చీ ముందూ ఒక మైకు, ఒక నీళ్ళ సీసా.

బాబాయి బాగానే మొదలుపెట్టాడు. జిగురు సంగతి చెప్పాడు, తాళం సంగతి చెప్పాడు. "మిషన్ కొన్నవాడిది మిషన్. దాన్ని విప్పుకునే హక్కు కూడా వాడిదే," అన్నాడు. తన ముందు గదిలో మిషన్లు బాగు చేయించుకుని వెళ్ళిన మనుషుల కథలు ఒక్కొక్కటీ ఎత్తుకున్నాడు. ఇచ్చిన సమయం అయిపోగానే మైకు మీది ఎర్ర దీపం ఆరిపోయింది. ఆయన గమనించలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు. అంత పెద్ద గొంతు కూడా ఆ హాల్లో మైకు లేకుండా వెనక వరసదాకా రాలేదు. పెదాలు ఆడటమే కనిపించింది. ఎవరో వచ్చి భుజం తట్టి కూర్చోబెట్టారు.

కంపెనీ లాయరు తెర మీద బొమ్మలు చూపించాడు. కొత్త మిషన్ వచ్చాక వినికిడి యంత్రం వాడేవాళ్ళ సంఖ్య ఎలా పెరిగిందో గీతలు గీసి చూపించాడు. అది కూడా అబద్ధం కాదు.

తర్వాత పిన్నిని పిలిచారు. సభ్యుల్లో ముసలాయనకి కాస్త చెవుడు. తనకే పెట్టి చూపించమన్నాడు. పిన్ని ఆయన కుర్చీ పక్కన వంగి, చెవి వెనక వెంట్రుకలు సర్ది, మిషన్ పెట్టి, ఫోన్లో నొక్కింది. ఆయన అటూ ఇటూ చూశాడు.

"ఈ ఏసీ ఇంత చప్పుడు చేస్తోందా!" అన్నాడు.

హాలంతా నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు. పిన్ని నవ్వలేదు. పని ఇంకా పూర్తి కాలేదు కాబట్టి.

అప్పుడు ఒక సభ్యురాలు అడిగింది. "ఇది పాడైతే మీరు బాగు చేస్తారామ్మా?"

"లేదండీ. షోరూమ్‌లో బాగు చెయ్యరు. పాతది తీసుకుని కొంచెం తగ్గించి కొత్తది అమ్ముతాం."

లాయరు గబుక్కున లేచాడు. "ధర తగ్గడం వల్ల మామూలు జనానికి మేలు జరిగిందా లేదా? అది చెప్పండి."

"జరిగిందండీ. ఇంతకు ముందు కొనలేనివాళ్ళు కొంటున్నారు. నేనే వాళ్ళ చెవుల్లో పెడుతున్నాను."

"ఈ ధర ఇలాగే ఉంటుందని మీరనుకుంటున్నారా?" సభ్యురాలు మళ్ళీ అడిగింది.

"నాకు తెలీదండీ."

పెద్ద కుర్చీలో ఉన్నాయన "నమోదు చేసుకున్నాం" అని చెప్పి, భోజనానికి లేద్దామన్నాడు. అంతే. కుర్చీలు జరిపిన చప్పుడు అయింది.

గేటు దగ్గర బాబాయి స్కూటర్ తీస్తూ "ఉన్నదే చెప్పావు" అన్నాడు. మెచ్చుకోలో, దెప్పిపొడుపో తెలీలేదు. "ఎక్కు," అన్నాడు.

కంపెనీవాళ్ళు పిన్నిని ఒక్క మాట అనలేదు. పై వారం నుంచి మాత్రం కస్టమర్ల దగ్గరికి వేరే అమ్మాయిని పెట్టి, ఈమెని వెనక గదిలోకి మార్చారు. వాపసు వచ్చిన మిషన్లని పెట్టెల్లో సర్దడం పని. "కూర్చునే పనేలే, కాళ్ళు నొప్పి పుట్టవు," అంది నాతో.

కమిషన్ తీర్పు వాయిదాల మీద వాయిదాలు పడింది. ఈలోగా బాబాయి చేతులెత్తేశాడు. షాపు ఖాళీ చేసే రోజు పిన్ని సెలవు పెట్టింది, నేనూ వెళ్ళాను. బీరువాని కళ్ళజోళ్ళాయన తీసుకున్నాడు. వెనక గది గోడల మీది గుడ్డని బాబాయి ఊడబెరికాడు. మేకులు ఒక్కొక్కటే టక్కుటక్కున రాలాయి. గుడ్డ పోయాక పక్క షాపులోని రేడియో స్పష్టంగా వినపడింది. ఇన్నేళ్ళుగా అక్కడ రేడియో ఉందని మాకెవరికీ తెలీదు.

పిన్ని గది మధ్యలో నిలబడి ఉంది.

"ఏమనిపిస్తోంది పిన్నీ?" అన్నాను.

కాసేపు నిజంగానే ఆలోచించింది. "ఏమీ అనిపించట్లేదే. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని పొద్దున్నుంచీ చూస్తున్నాను."

తర్వాత చీపురు తీసుకుని మేకులు ఊడ్చింది.

బాబాయికి ఒక ఆసుపత్రిలో పని దొరికింది. బీపీ మిషన్లూ, తూకం మిషన్లూ సరిచూసే పని. అక్కడ ఎవరికీ గ్యారంటీ చెప్పనక్కర్లేదు, చీటీ అంటిస్తే చాలు. నెమ్మదిగా ఆయన మాట కూడా తగ్గింది. వాళ్ళింటికి వెళ్తే నేనే ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేదాన్ని.

చివరికి తీర్పు వచ్చింది. డాక్టరు చీటీ అక్కర్లేదన్నారు. విడిభాగాలూ, తాళం తెరిచే సాఫ్ట్‌వేరూ బయటివాళ్ళకి ఇచ్చి తీరాలన్నారు. నష్టానికి అమ్మారనడానికి ఆధారాలు చాలవన్నారు. మేమే గెలిచామని సంఘం చెప్పుకుంది, మేమే గెలిచామని కంపెనీ చెప్పుకుంది. ఆ తర్వాత ఎంతో కాలం కాకుండానే కొత్త మిషన్ ధర పెరిగింది, ఒక్కసారిగా కాదు, రెండు మూడు విడతల్లో. బాబాయి ఆ వార్త ఫోన్లో చదివి, ఫోన్ పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని పాలు తేవడానికి వెళ్ళాడు. "నేను చెప్పలేదూ" అంటాడని ఎదురుచూశాను. అనలేదు.

మొన్నామధ్య పిన్నిని మళ్ళీ కస్టమర్ల దగ్గరికి పంపించారు, మనుషులు చాలక. ఒక ముసలావిడ పలకని మిషన్ పట్టుకుని వచ్చింది. అది చౌకగా ఉన్నప్పుడు కొన్నది.

"ఇప్పుడు బయట బాగు చేయించుకోవచ్చమ్మా, రూల్ మారింది," అంది పిన్ని.

"బయటంటే ఎక్కడమ్మా?"

ఊళ్ళో ఆ పని చేసే షాపు ఒక్కటీ లేదు. పిన్ని మిషన్ తీసుకుని ఇంటికి తెచ్చింది.

బాబాయి విప్పి చూసి, మైకు పోయిందన్నాడు. కంపెనీకి రాసి విడిభాగం తెప్పించాడు. కొత్త మిషన్ ధరలో సగం పైనే అయింది దానికే, వారాల తరబడి రాలేదు కూడా. అది వచ్చేసరికి ముసలావిడ ఆగలేక, పెరిగిన ధరకే కొత్తది కొనేసుకుంది. పిన్నే ఆవిడ చెవిలో పెట్టింది.

"ఇప్పుడు దీన్నేం చేద్దాం?" అన్నాడు బాబాయి, చేతిలో పార్శిల్ పట్టుకుని.

"ఉంచండి."

ఆయన దాన్ని విప్పకుండానే ఫ్రిజ్ మీద పెట్టాడు. పిన్ని భోజనానికి కంచాలు పెట్టింది. నీకూ పెట్టమంటావా అని నన్ను అడిగింది. పెట్టమన్నాను.