ఆఫీసరు తాగిన నీళ్ళు

దయ్యాల కథ ఎవరు మొదలుపెట్టినా నేను మధ్యలోనే ఆపి, "నువ్వు చూశావా, ఎవరో చెప్పారా" అని అడిగేదాన్ని. ఎవరో చెప్పారనే వాళ్ళే అందరూ. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, పైగా నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని. చీకటికీ చప్పుడుకీ భయపడే రకం కాదు. ఇది కూడా ఎవరినో భయపెట్టడానికి రాయడం లేదు. మా గల్లీకి నల్లా రాకపోవడానికి నేనే కారణమని ఈరోజుకీ అంటున్నారు. నా వైపు మాట ఒక్కసారైనా రాసి పెట్టాలి.

మా ఇల్లు కాటేదాన్ ఫ్యాక్టరీ షెడ్ల వెనక, చెరువు పక్కనే. నేను కోడలిగా వచ్చినప్పుడు మా మామ ఆ చెరువు కింద వరి వేసేవాడు. ముందు కట్ట అవతల నూనె షెడ్లు లేచాయి, తర్వాత ప్లాస్టిక్ కరిగించేవి, ఆ తర్వాత బట్టలకు రంగులద్దేవి. పనికి వచ్చిన వాళ్ళు ఉండడానికి చోటు అడిగితే, పొలాలు అమ్మిన వాళ్ళే గదులు కట్టి కిరాయికి ఇచ్చారు. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచాక భూమి ధర విని అందరికీ మతి పోయింది. పట్టపగలే లారీలు వచ్చి కూలగొట్టిన గోడల మట్టి నీళ్ళలో కుమ్మరించి పోయేవి. చెరువు వెనక్కి జరిగింది, ఇళ్ళు ముందుకు జరిగాయి. నేను అప్పుడే ఫిర్యాదు చేశాను. "టీచరమ్మకు బడిల పని తక్కువైనట్టుంది" అన్నాడు మా గల్లీలో గదులు కిరాయికిచ్చే నర్సింహ. ఆ మాట నాకు గుర్తుంది.

రంగు షెడ్ల నీళ్ళు చెరువులోకి, చెరువు నీళ్ళు మా బోర్లలోకి. రెండు మూడేళ్ళకే మా గల్లీలో ఏ బోరు వేసినా బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలాంటివి పడడం మొదలైంది. బడికి వెళ్ళే పిల్లల తెల్ల చొక్కాలు గులాబీ రంగుకు తిరిగాయి. స్నానం చేస్తే ఒళ్ళంతా దురద. తాగడానికీ వండడానికీ ట్యాంకరే దిక్కు. అది వచ్చిన రోజు గల్లీలో జుట్లు పట్టుకోవడమే తక్కువ.

నీళ్ళ ఆఫీసుకు తిరిగి తిరిగి చివరికి ఒక మాట సాధించాను. బోరు నీళ్ళు పనికిరావని తేలిన గల్లీలకు ముందుగా నల్లా పైపు వేస్తారట. సీసాలో నీళ్ళు తెచ్చి చూపించమన్నారు.

ఎర్రటి నీళ్ళు పట్టి, మూత బిగించి, సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఆఫీసరు బల్ల మీద పెట్టి చూస్తే తేటగా ఉన్నాయి.

"ఇవి మా ఇంట్లో నీళ్ళకంటే బాగున్నాయండీ. పొరపాటున మీరు తాగే సీసా తెచ్చారేమో," అన్నాడాయన. పక్క బల్లల వాళ్ళు నవ్వారు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు.

నర్సింహే సీసా మార్చాడనుకున్నాను. వాడి ఇంటి ముందు నిలబడి అడిగాను. "నీ సంచిల చెయ్యి పెట్టే ధైర్యం ఈ గల్లీల ఎవలికున్నది, టీచరమ్మా?" అన్నాడు. చుట్టూ నవ్వులు. అదీ గుర్తుంది.

రెండోసారి పక్కింటి యాదమ్మను తోడు తీసుకున్నాను. ఒకే బకెట్‌లోంచి రెండు సీసాలు నింపాం. ఒకటి మా కిటికీలో ఎండ తగిలేచోట పెట్టాం. ఇంకొకటి పట్టుకుని ఆటో ఎక్కాం. ఈసారి సంచిలో పెట్టలేదు. ఒళ్ళో నిలబెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఏందక్కా అది, షర్బతా?" అని ఆటో అతను అద్దంలోంచి అడిగాడు.

"తాగుతవా? పోస్త," అంది యాదమ్మ.

ఆరాంఘర్ దగ్గర ఎర్రగానే ఉంది. ఎక్స్‌ప్రెస్ వే కిందికి వచ్చాక స్తంభాల నీడలు ఒకదాని వెనక ఒకటి సీసా మీద పడుతూ పోయాయి. అత్తాపూర్‌లో ఎండలోకి వచ్చేసరికి రంగు లేదు. నేను కళ్ళు తిప్పలేదు. అయినా అది పోతుండగా చూడలేదు. ఎక్కడ పోయిందో చెప్పలేను.

యాదమ్మ సీసా తీసుకుని మూత చూసింది. బిగించింది బిగించినట్టే ఉంది. "ఇగ వాపస్ పోదాం పా, అక్కా. ఇది బయటపడదు. దెబ్బలు తిన్న ఆడిది పరాయోళ్ళ ముంగట కొంగు కప్పుకుంటది సూడు, గట్లనే," అంది.

నాకు ఒళ్ళు మండింది. చెరువుకు సిగ్గేంటని గట్టిగానే అడిగాను.

"మరి నీ సైన్సేందో నువ్వు చెప్పు," అంది.

సైన్సు ఉంది. కొన్ని రంగులు ఎండకు వెలుస్తాయి. అలాగైతే కిటికీలో పెట్టిన సీసా ముందు వెలవాలి. తిరిగి వచ్చి చూస్తే అది పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. వెనక్కి తెచ్చిన సీసా దాని పక్కన పెట్టి చూశాను. అదీ మళ్ళీ ఎర్రగానే ఉంది.

ఇక ఆఫీసరునే గల్లీకి రప్పించాలని పట్టుబట్టాను. బడికి సెలవులు పెట్టి, ఆయన గది ముందు కూర్చుని, ఆయన టిఫినుకు వెళ్తుంటే వెంటపడి. చివరికి నా పోరు పడలేక ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఆడవాళ్ళందరూ మా ఇంటి ముందు నిలబడ్డారు. జీపు మలుపులో ఉండగానే మోటారు వేశాను. ఎర్రగా పడుతున్నాయి, అందరూ చూశారు. ఆయన దిగి మా గేటు దాటేసరికి తేటపడ్డాయి.

ఆయన ముందు అరచేతిలో పట్టి చూశాడు. తర్వాత గ్లాసు అడిగాడు. తాగాడు. ఇంకో గ్లాసు పట్టుకున్నాడు. ఈసారి ఎగతాళి లేదు ఆయన గొంతులో.

"మా చిన్నప్పటి బావి నీళ్ళలా ఉన్నాయండీ. ఇంత తీపి నీళ్ళు పెట్టుకుని ఎందుకమ్మా మీకీ తిరుగుడు?" అన్నాడు. డ్రైవర్‌ను కూడా పిలిచి తాగించాడు. నేను కింద రంగు మరకలు పట్టిన గచ్చు చూపించాను. ఆయన తల ఊపాడు. అయ్యో పాపం అన్నట్టు ఊపాడు.

ఆయన తాగుతుండగానే యాదమ్మ తన బిందె కుళాయి కింద పెట్టి నింపుకుంది. జీపు మలుపు తిరిగాక నర్సింహ ఆ బిందెలోకి వంగి చూశాడు. చూసి ఇంటికి వెళ్ళిపోయాడు. బిందె నిండా ఎరుపు. గ్లాసు అడుగున మిగిలిన గుక్కెడు కూడా.

నల్లా పైపు మా వెనక గల్లీకి పోయింది. మా బోరు నీళ్ళు బాగున్నాయని తేల్చారు. మాకు ఇప్పటికీ ట్యాంకరే.

భూమిలో నీటి పొరలు మారుతుంటాయని మా బడిలో ఒక మాస్టారు చెప్పాడు. బోరు సంగతి అలా అనుకోవచ్చు. బిందెలోకి చేరిన నీళ్ళ సంగతి ఏమిటని అడిగితే ఆయన గంట కొట్టారని లేచి వెళ్ళాడు. దయ్యమని నేను అనను. ఏమిటో కూడా చెప్పలేను. గల్లీ అంతా చూసింది, చూసిన వాళ్ళే నన్ను తిడుతున్నారు.

యాదమ్మ చెప్పింది నేను నమ్మను. నమ్మినా నా కోపం తీరదు. చెరువు పాడైపోయింది, ఇక దాని దగ్గర మంచినీళ్ళు లేవు అనుకుని మేం ట్యాంకర్ల వెంట పరుగెత్తుతున్నాం. ఉన్నాయి. కాసేపు నిలబడి పోయినవాడికి కడుపునిండా పోసింది. పొద్దున లేస్తే దాని మొహమే చూసే మాకు ఒక్క గుక్క పోయలేదు.