పక్కచేను సారు తెచ్చిన జింకపిల్ల

అండాలుకు మనుషుల మీద ఎన్నడూ పెద్ద గౌరవం లేదు. మక్తల్ అవతల, నల్లరేగడికీ చెలకకూ నడుమ రేకుల కొట్టం వేసుకుని ఇరవై ఏళ్లుగా కాపురముంటోంది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే రెండు బర్రెలు, పదకొండు మేకలు, కోళ్లు, ఐలేశం అని చెప్పేది. ఐలేశం ఆమె మొగుడు. చెడ్డవాడు కాడు. కాకపోతే ఇస్త్రీ చొక్కా కనబడితే చాలు, అతని చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. ఆ జబ్బుకు మందు లేదని పెళ్లయిన ఏడాదికే ఆమెకు తెలిసిపోయింది.

పక్కచేను కొన్న విజేందర్ సారు వచ్చాక జబ్బు ముదిరింది.

సారు పాలమూరులో ఏదో ఆఫీసులో ముప్ఫై ఏళ్లు కుర్చీలో కూర్చుని రిటైరయ్యాడు. కూర్చుని కూర్చుని ప్రకృతి మీద ప్రేమ పుట్టిందట. నాలుగెకరాలకు కంచె వేయించి, ఇనుప గేటు పెట్టించి, దాని మీద ‘ప్రకృతి ఒడి’ అని రాయించాడు. ఆ ఒడిలోకి ఆదివారం పదింటికి కారులో వచ్చి, ఎండ తగ్గేలోపే వెళ్లిపోయేవాడు. బాతులు తెచ్చాడు, నీళ్ల సంగతి మరిచాడు. మూడో రోజుకల్లా అవి అండాలు బర్రెల కుడితి గోలెంలో ఈదుతున్నాయి. కుందేళ్లు తెచ్చాడు, గూటికి గొళ్లెం పెట్టించలేదు. వారం తిరక్కుండా అడవిపిల్లి ఒక్కొక్కటిగా పట్టుకుపోయింది.

“ప్రకృతి అంటే అంతే అండాలూ. ఒకటి పుడుతుంది, ఒకటి పోతుంది” అన్నాడు సారు.

“తలుపెయ్యకుంటె గట్లనే పోతది సారూ.”

ఐలేశం ఆమెను గుర్రుగా చూసి, సారు కోసం కుర్చీ తుడిచాడు.

శ్రావణంలో, కంది జానెడు ఎత్తు లేచినప్పుడు, ఒక ఆదివారం మధ్యాహ్నం సారు జింకపిల్లను ఎత్తుకుని కొట్టం ముందుకొచ్చాడు. వెనకే డ్రైవరు, ఫోనుతో వీడియో తీస్తూ. పిల్ల పుట్టి రెండు మూడు రోజులై ఉంటుంది. కాళ్లు జొన్న కర్రల్లా వేలాడుతున్నాయి.

“ఏడ తీసినవ్ సారూ దీన్ని?”

“మీ కందిచేను గట్టు దగ్గర. పాపం, తల్లి వదిలేసి పోయింది.”

“ఇడిసిపెట్టి పోలే. పిల్లను సాళ్లల్ల పండవెట్టి దూరంగ మేస్తది. పొద్దుగాల ఒకసారి, మాపున ఒకసారి వచ్చి పాలిచ్చిపోతది. తీసిన జాగల్నే పెట్టిరా.”

సారు కెమెరా వైపు తిరిగి నవ్వాడు. “తల్లి మనసు ఇంత కఠినంగా ఉండకూడదు, అండాలూ!”

ఇద్దరు ఆడపిల్లల్ని కని, పెంచి, కాపురాలకు పంపిన మనిషితో, పుట్టి బుద్ధెరిగి ఒక పాలసీసా కడగని మనిషి అన్న మాట అది. ఏం చెప్పినా దండగని అండాలు చాటలోని జొన్నలు చెరుగుతూ కూర్చుంది. సారు పిల్లను కారులో వేసుకుని పోయాడు. బంధువులకు చూపించాలట.

ఆ మాపున బర్రెను పిండుతుంటే గట్టు మీద ఆడజింక కనిపించింది. వాసన చూసుకుంటూ అటు తిరిగింది, ఇటు తిరిగింది, నిలబడింది. మర్నాడు కూడా వచ్చింది. మూడోనాడు రాలేదు.

మంగళవారం సారు అట్టపెట్టెతో దిగాడు. పెట్టెలో పిల్ల మెడ వాల్చేసి ఉంది. వెనకకాళ్ల నిండా విరేచనం. ప్యాకెట్ పాలు చల్లచల్లగా పట్టించారట. ముక్కు మూసుకుని పెట్టెను కొట్టం గడప దగ్గర దించాడు.

“నీకు ఇవన్నీ అలవాటు కదా” అని, సమాధానం కోసం ఆగకుండా కారెక్కాడు.

“మన మీద నమ్మకంతోని ఇచ్చిండే” అన్నాడు ఐలేశం, కారు వెళ్లిన వైపు చూస్తూ.

“కంపుకొట్టింది గనక ఇచ్చిండు” అంది అండాలు.

తిడుతూనే నీళ్లు కాచింది. పిల్లను తుడిచి, గోనెసంచిలో చుట్టి, ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లు చెంచాతో పోసింది. ఆ రోజంతా పాలు చూపించలేదు. మర్నాడు, ఒక్క పిల్లనే ఈనిన మచ్చల మేకను పిండి, ఆ పాలలో వేలు ముంచి నోట్లో పెట్టింది. మొదట చప్పరించలేదు. మధ్యాహ్నానికి వేలు గట్టిగా పట్టుకుంది. అండాలు కొంగుతో కళ్లు తుడుచుకుని, ఈ వయసులో ఇదేం ఏడుపని తనను తానే కసురుకుంది. తన వాటా పాలు తగ్గినందుకు మేకపిల్ల రోజంతా అరిచింది. దాన్నీ కసిరింది.

ఇరవై రోజులకు జింకపిల్ల మేకపిల్లలతో సమానంగా గెంతుతోంది. అప్పుడొచ్చింది ఫారెస్టు వాళ్ల జీపు. సారు ఫోన్లో పెట్టిన ఫొటో ఊళ్లు తిరిగి వాళ్ల దాకా చేరింది. బీట్ ఆఫీసరు శోభ అని, చిన్న వయసు పిల్ల. తన ఫోన్లో ఫొటో ఉందని చెప్పి, జింకపిల్ల ఏదని అడిగింది. వెంట సారు కూడా ఉన్నాడు, తలకు కొత్త టోపీతో.

“ఆ రోజే చెప్పాను మేడమ్ వీళ్లకు, అడవి జంతువును ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుందని” అన్నాడు. “చదువు లేదు కదా, వినరు.”

ఐలేశం చేతులు అప్పటికే జోడించుకున్నాయి. “తప్పయింది మేడమ్. ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యాలె.”

చెయ్యని తప్పును అంత వినయంగా ఒప్పుకున్న మొగుణ్ణి అండాలు కాసేపు చూసింది. సారు అబద్ధం కన్నా ఆ దండమే ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది. శోభ వైపు తిరిగింది.

“బిడ్డా, నీ ఫోన్ల ఫొటో ఉన్నదంటివి గదా. అండ్ల పిల్ల ఎవలి చేతుల ఉన్నది?”

శోభ ఫొటో చూసింది. సారును చూసింది. మళ్లీ ఫొటో చూసింది.

“అది... రక్షించే క్రమంలో...” అన్నాడు సారు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

శోభ అతన్ని జీపు దగ్గరికి తీసుకుపోయి, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాయించి సంతకం పెట్టించింది. తిరిగొచ్చి అండాలు పక్కన గొంతుక్కూర్చుంది.

“ఇప్పుడు తీసుకుపోతే బతుకుతదా అమ్మా?”

“బతకది. పాలు మరవాలె, గడ్డి వట్టాలె. ఇంకో రెండు నెలలు పడ్తది. కట్టెయ్యను. మేకలెంబడి తోల్కపోత. మంద కలిస్తె అదే పోతది.”

శోభ పైవాళ్లతో ఫోన్లో చాలాసేపు మాట్లాడి ఒప్పించింది. వారం వారం వచ్చి చూసి వెళ్లేది. వచ్చినప్పుడల్లా చాయ్ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టేది. మనుషుల్లో ఇట్లాంటివాళ్లు కూడా పుడతారని అండాలు కొంచెం ఆశ్చర్యపోయింది.

కార్తీకంలో పాలమూరులో జంతుప్రేమికుల సంఘమేదో విజేందర్ సారుకు శాలువా కప్పింది. జింకపిల్ల ప్రాణం కాపాడినందుకట. ఐలేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని, సారు కారులోనే పోయి, ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చాడు.

అండాలు పోలేదు. ఆ పొద్దున మేకల్ని బీడు వైపు తోలింది. జింకల మంద అవతలి మిట్ట మీద మేస్తోంది. నాలుగు రోజులుగా పిల్ల వాటి దాకా వెళ్లి, బెదిరి వెనక్కొస్తోంది. ఆ రోజు ఒక ఆడజింక మెడ చాచి దాన్ని వాసన చూసింది, తరమలేదు. మంద కదిలితే పిల్ల కూడా కదిలింది. తిరిగి చూస్తుందేమోనని అండాలు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. అది చూడలేదు. చూస్తుందనుకున్నందుకు తనకు తనే సిగ్గుపడి, మేకల్ని అదిలించింది.

సాయంత్రం ఐలేశం మిక్చర్ పొట్లంతో వచ్చాడు.

“సారు మస్తు మాట్లాడిండే! పల్లెటూరోళ్లకు జంతువుల మీద ప్రేమ నేర్పాలన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు.”

“నువ్వు గూడ కొట్టినవా?”

“కొట్టకుంటె బాగుంటదా మరి?”

అండాలు పొట్లం విప్పి కోళ్లకు పోసింది.

ఎండాకాలానికి ‘ప్రకృతి ఒడి’ గేటుకు తాళం పడింది. సారుకు మోకాళ్ల నొప్పులట, ఎండ పడదట. బాతులు మాత్రం గోలెం విడిచి పోలేదు. వాటిని కూడా ఆమె రోజుకు రెండుసార్లు తిట్టి మేత వేస్తోంది.

మళ్లీ వానలు పడ్డాయి, కంది మొలిచింది. ఒక పొద్దున చూస్తే చేనులో ముప్ఫై జింకలు, తలలు వంచి మొలకలు పీకుతున్నాయి. అండాలు మట్టిగడ్డ అందుకుని పరిగెత్తింది.

“జర చూసి కొట్టే! అండ్ల మన పిల్ల ఉన్నదో ఏమో” అని వెనక నుంచి ఐలేశం అరిచాడు.

“ఉంటె మొదలు దానికే తగలాలె!” అని ఆమె విసిరింది. మంద ఒక్కసారిగా లేచి, గట్టు దూకి, మిట్ట వైపు పారిపోయింది. ఐలేశం గట్టు మీదే నిలబడి, వాటిని వేళ్లు మడిచి లెక్కపెట్టసాగాడు. అండాలు చీర చెంగు దోపి, సాళ్లలో వంగి, తొక్కుడు పడిన మొలకలకు మన్ను ఎగదోయడం మొదలుపెట్టింది.