చేతులు చూడమన్న మా సార్

మా సార్ పోయారన్న మాట నాకు ఆఫీసు మెట్ల మీద తెలిసింది. కౌల్ బజార్‌లో గిన్నెల అంగడి పైన మా ఆఫీసు. ఆ పొద్దున నాతోపాటు పనిచేసే ఇర్ఫాన్ తాళంచెవి చేతిలో పట్టుకుని సగం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"సార్ లేరంట సిస్టర్. తెల్లారుజామున గుండె ఆగిపోయిందంట," అన్నాడు.

కాన్వెంటులో చదివానని నన్ను సిస్టర్ అని ఎగతాళి చేస్తుంటాడు. ఆ రోజు ఆ పిలుపులో ఎగతాళి లేదు. కింద అంగడిలో ఎవరో బిందెను వేలితో కొట్టి చూస్తున్నారు.

సత్యనారాయణపేటలో ఆయన ఇంటి ముందు చాలామంది చేరారు. ఆయన ఏం పని చేసేవారని ఒక పెద్దాయన అడిగితే, "కంప్యూటర్ పని" అని ఎవరో చెప్పారు. అది తప్పు కాదు. కానీ అంతే కాదని చెప్పాలనిపించింది. అంతమందిలో నాకు నోరు పెగలలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మేం చేసేది మామూలు మనుషులు వాడుకునే సాఫ్ట్‌వేర్. సార్ మాకు పెద్ద. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఏదైనా సగం తయారవగానే, వాడబోయే మనిషి దగ్గరికి మా అందరినీ తీసుకెళ్ళేవారు. ఫోన్ ఆ మనిషి చేతికిచ్చి, మమ్మల్ని వెనకాల కూర్చోబెట్టి, తలా ఒక వక్క ముక్క నోట్లో వేసుకోమనేవారు. ఆ వక్క నానేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఇది నొక్కమ్మా, అది కాదప్పా అని చెప్పకూడదు.

"మనం చెప్తే వాళ్ళు నొక్కుతారు. రేపు వాళ్ళింట్లో మనముంటామా ఏంది?" అనేవారు. "సుమ్నె కూచోండి. చేతులు చూడండి."

సుమ్నె అంటే కన్నడంలో ఊరికే, మాట్లాడకుండా అని. కన్నడ రాష్ట్రంలో ఉన్న మా ఊళ్ళో ఆ మాట తెలుగులో కలిసిపోయింది. ఊరికే కూర్చోవడం ఇర్ఫాన్‌కు నరకం. వాడు రాసిన ప్రోగ్రాం ఎదురుగా ఎవరో తప్పు నొక్కుతుంటే వక్క పటపటా కొరికేసేవాడు. "నీకి కొబ్బరికాయ పెట్టాలప్పా నోట్లో," అని సార్ నవ్వేవారు.

నాకు కష్టమయ్యేది కాదు. నేను ఎక్కడా మాట్లాడను. ఉద్యోగానికి వచ్చిన రోజు ఆయన అడిగిన ప్రశ్నలకు కూడా సగం సగం జవాబులే చెప్పాను. పుస్తకాలు చదువుతానని మాత్రం చెప్పగలిగాను. "మంచిది పాపా. చదివేటోళ్ళకి ఎదుటి మనిషి చెప్పేదాకా ఆగే ఓపికుంటాది," అన్నారు. నా మౌనాన్ని ఒక పనికొచ్చే గుణంగా చూసిన మొదటి మనిషి ఆయనే. కానీ తిరిగి వచ్చాక, అందరం గుండ్రంగా కూర్చున్నప్పుడు, మొదట నన్నే మాట్లాడమనేవారు. అది మాత్రం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉండేది.

మా చివరి పని కాలువ నీళ్ళది. మోక అనే ఊరి వైపు రైతుల సంఘం ఒకటి మమ్మల్ని అడిగింది. కాలువకు నీళ్ళు వదిలినప్పుడు ఏ తూముకు ఎప్పుడు వంతో ఇంతకు ముందు ఒక మనిషి బండి మీద తిరిగి చెప్పేవాడు. ఆయనకు వయసైపోయింది. ఇక ఆ సమాచారం ఫోన్‌లో రావాలి. వంతు తెలియకపోతే నీళ్ళు ముందుకు వెళ్ళిపోతాయి. కాలువ చివర ఉన్న వాళ్ళకు మళ్ళీ వంతు వచ్చేసరికి నారు ఎండిపోతుంది.

మొదటి సమావేశంలోనే సార్ తేల్చేశారు. "మనోళ్ళంతా తెలుగోళ్ళే. తెలుగులోనే పెడదాం. గవర్నమెంటు కాగితాలన్నీ కన్నడంలోనే వస్తాండాయి, ఇదన్నా మన మాటలో ఉండనీ." ఆయన అంత ముచ్చటగా ఏ పని గురించీ చెప్పలేదు. మాటలు రాయడం నాకు అప్పజెప్పారు. ఆయనకు చదివి వినిపిస్తే ఒక్కో మాట దగ్గర తల ఊపేవారు.

రత్నమ్మది కాలువ చివర తూము. భర్త లారీ మీద పోతాడు, సేద్యం ఆమెదే. ఎండ ముదిరాక మోకలో బస్సు దిగి వాళ్ళ ఇంటికి చేరాం. మజ్జిగ ఇచ్చింది. ఫోన్ ఆమె చేతికిచ్చి, మేం వెనక కూర్చుని వక్కలు నోట్లో వేసుకున్నాం.

ఆమె ఫోన్ పట్టుకుని చూసింది. బొటనవేలు తెర మీదికి వెళ్ళి, తాకకుండా వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డ పొరుగింటి గౌరి వైపు ఒకసారి చూసింది. ఆ అమ్మాయి కూడా తెర వైపు చూసి కళ్ళు దించుకుంది. అప్పుడు రత్నమ్మ ఫోన్‌ను జాగ్రత్తగా చాప మీద పెట్టి, కొంగుతో దాని మీది చెమట తుడిచింది.

"చానా బాగుండాది సార్," అంది. "మీ పిల్లోళ్ళు బాగా చేసినారు."

ఇర్ఫాన్ ముఖం వెలిగింది. సార్ ముఖం వెలగలేదు. వక్క తీసి చేతిలో పెట్టుకున్నారు.

"రత్నమ్మా, నువ్వు యాడ చదువుకున్నావు?"

"ఈడే సార్, మోకలో. ఏడు దాకా."

"ఏ మీడియం?"

"కన్నడమే గదా సార్. ఈడ వేరే ఏముంటాది?"

ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. మా జిల్లాలో సగం మంది అంతే. తెలుగులో పుడతారు, తెలుగులో తిట్టుకుంటారు, అక్షరం మాత్రం కన్నడమే నేర్చుకుంటారు. ఇది మాకెవరికీ తెలియనిది కాదు. అన్నిటికన్నా చిత్రం, సార్‌దీ అదే చదువు. నేను రాసినవి ఎప్పుడూ చదివి వినిపించమనడం ఎందుకో అప్పుడు నాకు అర్థమైంది.

బస్‌స్టాపు దాకా నడుస్తూ ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆపలేక దారి పక్కన రాయి మీద కూర్చున్నారు. "నాకే తెలుగు చదవను రాదప్పా. ఊరందరికీ తెలుగులో పెట్టినాను." నవ్వుతూనే ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. ఆయాసం అనుకున్నాం.

అక్షరాలు మార్చి ఇస్తామంటే సంఘం అధ్యక్షుడు ఒప్పుకోలేదు. కాలువకు నీళ్ళు వదిలే రోజు దగ్గర పడింది, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయమన్నాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన క్యాంపుల వాళ్ళు తెలుగు చదువుతారు, వాళ్ళకు బాగానే ఉందట.

"ఆయమ్మే బాగుండాది అనింది గదా సారూ. మళ్ళా మీకేంది నొప్పి?"

సార్ నా వైపు తిరిగారు. "ఈ పాప చూసింది. చెప్పు పాపా."

గది నిండా పెద్ద రైతులు. "ఆమె ఏమీ నొక్కలేదు," అన్నాను. "ఫోన్ తుడిచి కింద పెట్టేసింది. వంతు వచ్చినా ఆమెకు తెలియదు."

అధ్యక్షుడు మీసం సవరించుకున్నాడు.

"నీళ్ళొచ్చే లోపల అయితాదా?"

"అయితాది," అన్నారు సార్. "తప్పు నాది. పిల్లోళ్ళది కాదు."

ఆ తరవాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది. తెలుగు మాటనే కన్నడ అక్షరాల్లో రాయాలి. క్యాంపుల వాళ్ళకు తెలుగు అక్షరాలూ ఉండాలి. అంతవరకూ మేం అలాంటిది చేయలేదు. కన్నడం చదివే ఇర్ఫాన్, తెలుగు చదివే నేను, పక్కపక్కన కూర్చుని ఒక్కో మాట పైకి అనుకుంటూ మార్చాం. నేను రాసిన "నీటి విడుదల సమయం" పోయింది. దాని చోట "మీ తూముకి నీళ్ళు ఎప్పుడు" వచ్చింది. తేదీలు పోయి "ఈ పొద్దు", "రేపు" వచ్చాయి. మోకకు వెళ్ళడం, బాగుందనిపించుకోవడం, బాగోలేదని తెలుసుకుని తిరిగి రావడం. బస్సులో సార్ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేవారు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, "ముందు రత్నమ్మ నొక్కనీ," అనేవారు.

చివరికి ఒకసారి ఆమె నొక్కింది. కానీ మేం వెనకాల ఉన్నామని ఆమెకు తెలుసు. "మనల్ని చూసి నొక్కింది," అన్నారు సార్. "మనం లేనప్పుడు చూడాల." అది చూడకుండానే పోయారు.

ఆయన కర్మలు కూడా పూర్తి కాకముందే కాలువకు నీళ్ళు వదిలారు. ఇర్ఫాన్, నేనూ మొదటి బస్సుకే మోక వెళ్ళాం. ఊళ్ళోకి వెళ్ళలేదు. చివరి తూముకు కొంచెం దూరంగా, జాలి అనే తుమ్మచెట్టు సన్నటి నీడలో నిలబడ్డాం. వంతు సంగతి ముందు రోజు సాయంత్రమే అందరికీ వెళ్ళి ఉండాలి. వెళ్ళిందని కంప్యూటర్ చెబుతోంది. కంప్యూటర్ చెప్పేదాన్ని సార్ ఎప్పుడూ నమ్మలేదు, కాబట్టి మాకూ నమ్మకం లేదు.

చాలాసేపు ఎవరూ రాలేదు. తూము ముందు కాలువ నేల పగుళ్ళిచ్చి ఉంది. ఇర్ఫాన్ ఫోన్ తీశాడు, ఆమెకు కాల్ చేద్దామని. నేను తల అడ్డంగా ఊపాను. తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు ఎగువ గట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. ముందు రత్నమ్మ, భుజాన పార. వెనక గౌరి.

"నీ వంతు రేపు గదే, ఇప్పుడే ఏం తొందర నీకి?" అంటోంది రత్నమ్మ.

"రేపు పొద్దున అని ఫోన్లో ఉండాది. నేనూ చూసుకున్నా లే. సుమ్నె నీకి తోడొచ్చినా," అంది గౌరి.

వాళ్ళు మమ్మల్ని చూడలేదు. రత్నమ్మ ఫోన్‌ను అన్నం సంచిలోకి తోసి గట్టు మీద పడేసి, చీర ఎగదోపుకుని కాలువలోకి దిగింది. కాసేపటికి పై నుంచి నురగ, ఎండుటాకులు ముందుగా వచ్చాయి. వాటి వెనక ఎర్రటి నీళ్ళు, పగుళ్ళలోకి ఇంకుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ. ఆమె వంగి పారతో మడి గట్టుకు గండి కొట్టింది. నీళ్ళు ఆమె మడమల చుట్టూ తిరిగి మడిలోకి మళ్ళాయి. నారుమొక్కల మధ్య తడి మెల్లగా అవతలి గట్టు వైపు పాకుతూ పోయింది. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది.