సోడా అంగట్లో నూరు దుకాణాలు

ఆ రోజుల్లో అనగానే ఎడ్లబండ్ల కాలం అనుకునేరు. ఆరేడేళ్ల కిందటి మాటే. అప్పటికే కర్నూలులో ప్రతివాడి చేతిలోనూ ఫోనుంది, ప్రతి ఫోనులోనూ మ్యాపుంది, ఆ మ్యాపు చెప్పిందల్లా నమ్మే అమాయకులూ బోలెడుమంది ఉన్నారు. వాళ్లను తప్పుదోవ పట్టించడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని నేను. ఇరవై రెండేళ్లదాన్ని, డిగ్రీ ప్యాసైనదాన్ని, నాకు తెలియనిదంటూ లోకంలో ఏమీ లేదని గట్టి నమ్మకం ఉన్నదాన్ని. ఆ నమ్మకానికి కోసిగి రైతు ఒకాయన టమోటా తోట నిలువునా ఎండిపోబోయింది. అందుకే ఇంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా ఆఫీసు ఒక జెరాక్సు అంగడి మీది గది. అందులో ఉండేది మా సారూ, నేనూ, ఒక టేబులు ఫ్యానూ. ఫ్యాను ముఖం ఎప్పుడూ సారు వైపే. ఈ ముగ్గురి సంస్థకు ఆయన సీఈఓ. మ్యాపులో లేని అంగడి భూమ్మీద లేనట్టే అని ఆయన సిద్ధాంతం. మ్యాపులో మా ఆఫీసుకు మాత్రం అయిదుకు అయిదు నక్షత్రాలు. అవన్నీ ఆయన భార్య, బామ్మర్ది, బామ్మర్ది స్నేహితులు పెట్టినవి. 'వీరి సేవలు అమోఘం' అని రాసిన మహానుభావుడు మా మెట్లెక్కిన పాపాన పోలేదు. ఉగాదిలోపల కర్నూలును ఆనుకున్న కల్లూరులో నూరు అంగళ్లను మ్యాపులో ఎక్కిస్తే నా ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు సారు. ఫ్యాను కూడా కొంచెం నా వైపు తిప్పుతానన్నాడు (మార్చి నెలలో కర్నూలులో ఇది చిన్న వరం కాదు). ఇంకొక తెలివి కూడా నేర్పించాడు. అంగడివాళ్ల నంబరు పెట్టకుండా మా ఆఫీసు నంబరు పెట్టాలట. గిరాకీ ఫోన్లన్నీ మన చేతిలో ఉంటే అంగడివాళ్లు మన చుట్టూ తిరుగుతారట. ఆహా, ఎంత గొప్ప బుర్ర అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

కల్లూరు అంగళ్లవాళ్లకు మ్యాపు మీద మర్యాద లేదు. ఒకాయన నన్ను జనాభా లెక్కల అమ్మాయి అనుకుని ఇంట్లో ఎంతమందో చెప్పడం మొదలుపెట్టాడు. అందరికన్నా మొండి మనిషి వైండింగ్ మామ. బోరు మోటారు కాలిపోతే అందులోని రాగి తీగ పీకేసి కొత్తది చుట్టడం ఆయన పని. కర్నూలు నుంచి ఆదోని అవతల దాకా రైతులకు ఆయన చెయ్యంటే గురి. బోర్డు లేదు, పేరు లేదు, కాలువ గట్టుకు వీపు పెట్టుకున్న రేకుల షెడ్డు, అంతే. నా ఉపన్యాసమంతా విని, తీగ చుట్టడం ఆపకుండానే ఒక మాటన్నాడు.

"ముప్పై ఏండ్లుగా ఈడ్నే కూచోనుండా బేటా. మ్యాపుకు నేను తెలీకపోతే అది దాని ఖర్మ."

పల్లెటూరి మూర్ఖత్వం అని మనసులో నవ్వుకుని ఫోటో తీసుకున్నాను.

ఇక్కడే నా తెలివి బయటపడింది. ప్రతి అంగడి గడప ముందూ నిలబడి 'నేనున్న చోటు' అనే గుర్తు నొక్కితే ఆ అంగడి సరిగ్గా అక్కడ పడుతుంది. కానీ ఆ ఎండలో ఫోను కాలేది, తెర కనబడేది కాదు, నా మాడు పగిలేది. అందుకని నేను చేసిందేమిటంటే, పొద్దున్నే అయిదారు అంగళ్లు తిరిగి ఫోటోలు, పేర్లు రాసుకునేదాన్ని. తరువాత సెంటర్లో సోడా చిన్నమ్మ అంగడికి పోయి, తడి గోనెపట్ట వేలాడదీసిన నీడలో బెంచీ మీద చతికిలబడి, నన్నారి సోడా తాగుతూ హాయిగా ఒక్కొక్కటే నొక్కేదాన్ని. ఫోను పాపం నిజమే రాసుకుంది. నేను ఎక్కడున్నానో అక్కడే పెట్టింది. ఇరవై రోజుల్లో నూరు అంగళ్లూ అయిపోయాయి. సారు చప్పట్లు కొట్టాడు, ఫ్యాను నాలుగు వేళ్లు ఇటు తిప్పాడు. కల్లూరులోని మంగలి అంగడి, బిర్యానీ హోటలు, పిండిమర, వైండింగ్ మామ షెడ్డు, అన్నీ కలిసి సోడా చిన్నమ్మ బెంచీ మీద కూర్చున్నాయని మా ఇద్దరికీ తెలియదు.

తెలిసిన రోజు శుక్రవారం. చిన్నమ్మ అంగడి మూసి వేంపల్లెలో పెండ్లికి పోయింది. ఆ సంగతి తెలియక నేను సోడా కోసం మధ్యాహ్నం మూడింటికి అక్కడికి చేరాను. మూసిన షట్టరు ముందు గూడ్సు ఆటో, అందులో గోనె చుట్టిన మోటారు, మెట్టు మీద తలకు తువ్వాలు కట్టుకున్న పెద్దాయన. ఎవరి కోసమని అడిగాను.

"మోటార్ల మామ కోసరం తల్లీ. ఫోను ఈడికే తెచ్చి నిలబెట్టింది. జుమ్మా కదా, నమాజుకు పోయింటాడులే, వస్తాడులే అని పదకొండు నుంచి కూచోనుండా."

ఆయన ఫోను తీసుకుని చూస్తే మామ షెడ్డు గుర్తు చిన్నమ్మ బెంచీ మీదే ఉంది. మ్యాపులోని నంబరుకు కూడా ఫోను చేశాడట. ఎవరో సారు ఎత్తి, మ్యాపు చూసి, మీరు సరిగ్గా అక్కడే ఉన్నారు, కదలకండి అని ధైర్యం చెప్పాడట. మామేమో అక్కడికి రెండు సందుల అవతల, నమాజు నుంచి ఎప్పుడో తిరిగొచ్చి, చేతిలో పని లేక ఈగలు తోలుకుంటున్నాడు. పెద్దాయన ముఖం తుడుచుకుని నెమ్మదిగా చెప్పాడు, నన్ను తిట్టడానికి కాదు, ఊరికే చెప్పాడు.

"మూడు దినాలాయ టమోటా తోటకు నీళ్లు లేక. కాయ దిగే టైము. ఇది పోతే ఇంటికి బీగమేసి మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు పోవల్ల. దుడ్లన్నీ దాంట్లోనే పెట్నాము."

నేను దోవ చూపిస్తానని ఆటో ముందు నడిచాను. నడిచాననడం మర్యాద, పరిగెత్తాను. మామ మోటారు విప్పి, వాసన చూసి, మామూలుగా రెండు రోజుల పని ఇది అన్నాడు. తరువాత పెద్దాయన ముఖం చూశాడు. వేరేవాళ్ల పని పక్కకు నెట్టి కూర్చున్నాడు. మరుసటి పొద్దుకు మోటారు తయారైతే, అది మళ్లీ ఎందుకు కాలుతుందో చూడాలని షెడ్డుకు తాళమేసి తనూ ఆటోలో కోసిగికి పోయాడు. మ్యాపులో పెట్టడానికి ఆ పనికి గుర్తు లేదు.

నేను ఆ వారమంతా కొంగు నెత్తిన వేసుకుని నూరు గడపల ముందూ నిలబడి నూరు గుర్తులూ సరిచేశాను, నంబర్లతో సహా. సారు ఫ్యాను వెనక్కి తిప్పుకున్నాడు. దాని విలువెంతో ఆ సరికి నాకు తెలిసిపోయింది. ప్రాయశ్చిత్తం పూర్తయిందని పొంగిపోతుంటే మామ కబురు పెట్టాడు. ఇప్పుడు మ్యాపు ఆయన షెడ్డును అంగుళం తేడా లేకుండా చూపిస్తోంది. అందుకని, ఆ గుర్తుకు అన్నిటికన్నా దగ్గరి రోడ్డు అదేనని, బండ్లన్నిటినీ కాలువ అవతలి గట్టుకు తీసుకుపోయి, వచ్చేశారు అంటోంది. అక్కడ వంతెన లేదు. రైతులు మోటార్లు పెట్టుకుని అవతలి గట్టు నుంచి మామా మామా అని కేకలు.

"ముందు పెట్టిందే బాగుండె బేటా. ఆడికి వచ్చినోళ్లకు చిన్నమ్మ దోవ చెప్తాండె" అన్నాడు మామ.

చదువుకున్నదాన్ని, నోరు మూసుకుని ఆయన గుర్తును మళ్లీ సోడా అంగడి మీద పెట్టాను.

ఉగాది దాటిన తరువాత పెద్దాయన రెండు సంచుల టమోటాలు తెచ్చాడు. ఒకటి మామకు. రెండోది చిన్నమ్మ అంగడికొచ్చి నా చేతిలో పెట్టి, ఆ దినం నువ్వు దేవతలాగ ఎదురొచ్చి దోవ చూపించకపోతే మా గతేమి తల్లీ అన్నాడు. వచ్చి దోవ అడిగినవాళ్లను బట్టి నూరు అంగళ్ల సంగతీ కనిపెట్టిన చిన్నమ్మ సోడా కొడుతూ నా వైపే చూస్తోంది. చెప్పడానికి నోరు తెరిచాను. సంచి బరువుగా ఉంది, ఆయన నవ్వుతున్నాడు. మూసుకున్నాను.

ఇప్పుడు నేను కడపలో ఇదే పని చేసే ఆఫీసులో పెద్ద కుర్చీలో ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లకు గడప ముందు నిలబడి నొక్కండి అని ఏడాదికోసారి కోపంగా పాఠం చెబుతాను (ఎందుకంత కోపమో వాళ్లకు తెలియదు). పోయిన మార్చిలో కల్లూరు పోయినప్పుడు ఒక సంగతి తట్టింది. నూరు అంగళ్లను మోసిన ఆ సోడా అంగడిని మాత్రం నేను మ్యాపులో పెట్టనేలేదు. ఇప్పుడైనా పద్ధతిగా పెడదామని, నడిరోడ్డు ఎండలో, సరిగ్గా గడప ముందు నిలబడి ఫోను తీశాను. చిన్నమ్మ తడి గోనెపట్ట పక్కకు జరిపి తల బయటపెట్టింది.

"ఏమ్మే, ఎండలో ఏమి చేస్తాండావు? లోపలికి రా. పెద్దాయన వచ్చినప్పుడంతా నిన్ను అడుగుతాడు. ఇంగా చెప్పలే కదా నువ్వు?"

లేదన్నాను. ఫోను సంచిలో పెట్టేసి, పోయి బెంచీ మీద కూర్చున్నాను.