గడ్డం చాటు పాఠం

ఆ రోజుల్లో గడ్డం లేని కుర్రాడికి లోకం మీద అభిప్రాయాలు లేవనుకునేవాళ్లు. నాకూ పెద్దగా లేవు గానీ గడ్డం మాత్రం పెంచాను, పెదవుల మీదికి వాలే మీసం కూడా. (పప్పు తిన్నాక దాన్ని కడుక్కోవడం ఒక పని.) ఆ అవతారంతోనే సిరిసిల్లలో లెక్కల సారునయ్యాను. తరగతి కిటికీ అవతలే సాంచెల షెడ్డు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినబడేది కాదు, అయినా బోర్డు వైపు తిరిగి ధాటిగా చెప్పుకుపోయేవాణ్ణి.

ఏడో తరగతిలో ఒక సాంచెల కార్మికుడి కూతురు, ముందు బెంచీలో కూర్చుని రెప్పవేయకుండా నా మొహమే చూసేది. ప్రశ్న అడిగితే మాత్రం నోరు విప్పదు. "నా మొకంల సినిమా కనవడ్తుందా?" అని కసిరి చివరి బెంచీకి తోలాను. అర్ధ సంవత్సరం పరీక్షలో సున్నా తెచ్చుకుంటే, ప్రోగ్రెసు కార్డు మీద ఎర్ర సిరాతో 'మొద్దు' అని రాసిచ్చాను. కింద సంతకం ఎన్ని వంకీలు తిప్పి పెట్టానో!

ఆ ఆదివారం కోరుట్లలోని మా ఇంటి నుంచి వస్తుంటే పోలీసులు బస్సాపి, గడ్డం చూసి నన్ను దింపారు. అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం వెతుకుతున్న కాలం. "లెక్కల సారువైతే పదమూడో ఎక్కం చెప్పు" అన్నారు. సగం దాకా వచ్చి నోరెండిపోయింది. కండక్టరు పూచీ పడితే బతికాను. తెల్లారే మంగలి దగ్గర కూర్చుని అంతా నున్నగా గీయించేశాను.

ఆ పొద్దే బిడ్డను వెంటబెట్టుకుని తండ్రి బడికొచ్చాడు. "సదువు రాదని మీరే రాస్తిరి. పేరు కొట్టేయుండ్రి సారూ, సాంచెల కాడ నూలు కండెలు చుట్ట పెడ్త" అన్నాడు. పిల్ల వరండా అవతల నిలబడి ఉంది. నేను పెద్దసారు చెవిలో మెల్లగా, "ఏం జేస్తం, పిల్ల మొద్దు" అన్నాను.

"నేను మొద్దును కాదు సారూ!" అంది అక్కడి నుంచే. "మీ మూతి నాకు ఇయ్యాల్నే కనవడ్డది."

అందరం నోళ్లు తెరిచాం. సాంచెల మోతలో మాట వినబడదు కాబట్టి వాళ్ల ఇంటిల్లిపాదీ మూతి చూసే మాటలు పట్టుకుంటారు. అందుకే పిల్లకు చెవుడని కన్నతండ్రికీ తెలియలేదు. బడి మానిపించొద్దని నేను బతిమాలాను. ఆయన కార్డు ముందుకు చాపి, "గిది రాసింది నువ్వే గద సారూ?" అని పిల్లను తీసుకెళ్లిపోయాడు. నా నోటి నుంచి ఆమె పట్టుకున్న మొదటి మాటా, చివరి మాటా ఆ 'మొద్దు' ఒక్కటే. ఛీ, నా బతుకు!

మళ్లీ మీసం పెంచలేదు. రిటైరయ్యేదాకా పిల్లల వైపు తిరిగే పాఠం చెప్పాను. ఇప్పుడు నాకే చెవులు పోయాయి. "ఇటు తిరిగి చెప్పవే!" అని మనవరాలిని రోజుకు పదిసార్లు కసురుకుంటాను. అది నవ్వి, నా నున్నటి గడ్డం పట్టుకుని, మూతి బాగా తెరిచి మళ్లీ చెబుతుంది. నాకూ నవ్వొస్తుంది. అంత చిన్న మాట నన్ను అడగడానికి, ఆనాటి ముందు బెంచీ పిల్ల ఎంత భయపడి ఉంటుందో!