మాస్టారు వేసుకోని మాత్ర

రాజోలులో మా డ్రిల్లు మాస్టారు పోయారని పోయిన మంగళవారం కబురొచ్చింది. పక్షవాతం. ఏడుపుకన్నా ముందు నాకు కోపమే వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

యోగా క్లాసులూ పచ్చికూరల భోజనాలూ టౌనుల్లో ఇప్పుడు కొత్త ఫ్యాషను. మా వైపు ఆ పిచ్చి డెబ్బైల్లోనే మాస్టారి పెరట్లో మొదలైంది. ఆయన ఎక్కడో ప్రకృతి చికిత్స శిబిరానికి వెళ్లొచ్చి, గోదావరి ఒండ్రుమట్టి తడిపి మా పొట్టల మీద పట్టీలు వేసేవారు. తొట్టిస్నానాలు, ఉపవాసాలు, ఉప్పులేని కూరలు. కాఫీ, పంచదార గుమ్మం తొక్కకూడదు. ఆసనాలు వేస్తే పాస్టరుగారు ఏమంటారోనని కొందరు జంకితే, "దేవుడిచ్చిన నడుమేనండీ, వంచితే ఆయనకెందుకు కోపం?" అనేవారు.

కోనసీమలో ఒకరిచేత ఉపవాసం చేయించడమంటే మాటలా? పస్తున్నవాళ్లను చూసి జాలిపడి, ఇరుగుపొరుగు దడి మీంచి గారెలు అందించేవారు. వీళ్లు మొహమాటానికి తినేసి, "మట్టిపట్టీ బాగా పనిచేసిందండీ" అని చెప్పేవారు. మాస్టారు నమ్మేసేవారు.

అలాగని మూర్ఖులు కారు. నాకు టైఫాయిడ్ వస్తే మట్టి జోలికే పోలేదు. సైకిలెక్కించుకుని తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. "జ్వరంతో బేరాలేంట్రా? డాక్టరుగారు చెప్పినట్టు విను," అన్నారు. ఈ ప్రాణం ఆయన చలవే.

తన రక్తపోటు దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏ ఏట్లో కలిసిందో! డాక్టరు రాసిన మాత్రలు ముట్టుకోలేదు. అమ్మగారు, అంటే ఆయన భార్య, ఎంత బతిమాలినా, "నేనే మాత్ర మింగితే నన్ను నమ్మినోళ్ల మొహం ఎలా చూస్తానే?" అన్నారట. నేనూ వెళ్లి పోట్లాడాను. నవ్వి, దోసకాయ ముక్కలు చేతిలో పెట్టారు.

ఎవరి కోసం ఆ పంతం పట్టారో నిన్న మాస్టారింట్లో, అమ్మగారిని ఓదార్చడానికి చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో చూశాను. ప్రార్థన అయ్యాక, ఏళ్ల తరబడి ఆయన దగ్గర ఆసనాలు నేర్చుకున్న పెద్దమనిషి ఒకాయన గొంతు తగ్గించి, "మాస్టారు చాటుగా ఉప్పు తినేసేరేమోనండీ. లేకపోతే ఇలా అవదు," అన్నాడు.

"ఆయ్, అంతేనండీ," అన్నాడు పక్కాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే అమ్మగారు, "చాటుగానైనా ఆ మాత్ర వేసుకునుంటే బాగుండేదండీ," అన్నారు.

ఆవిడ కొట్టు నుంచి కాఫీపొడి తెప్పించి, తానే లేచి అందరికీ కాఫీ కలిపి తెచ్చారు. ఆ ఇంట్లో కాఫీ వాసన నేనెప్పుడూ ఎరగను. ఒక్కరూ వద్దనలేదు. ఆ పెద్దమనిషి ఒక గుక్క తాగి, గ్లాసు ముందుకు చాపాడు.

"పంచదార కొంచెం తగ్గిందండమ్మా."